ఏ పొయిరోతో మొదలుపెట్టాలి? అగాథా క్రిస్టీ కథలను తెర మీద చూడాలనుకునేవాళ్లకు

డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ పేరు కొట్టి వెతికితే ఒకే కథకు మూడు నాలుగు పోస్టర్లు కనిపిస్తాయి. 'మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్' 1974లో ఒకటి, 2010లో ఒకటి, 2017లో ఇంకొకటి. 'డెత్ ఆన్ ది నైల్' సంగతీ అంతే. మీసాలు మారతాయి, మొహాలు మారతాయి, శవం మాత్రం అదే. ఏది చూడాలో తేలక చాలామంది అన్నిటికంటే కొత్తదాన్ని నొక్కేస్తారు. మామూలు సినిమాలకైతే దీనివల్ల పోయేదేమీ లేదు. క్రిస్టీ దగ్గర మాత్రం చిక్కుంది. హంతకుడెవరో తెలియకుండా ఒక కథను చూసే అవకాశం ఒక్కసారే దొరుకుతుంది. ఆ ఒక్కసారీ నీరసమైన వెర్షన్ మీద ఖర్చయిపోతే, తర్వాత ఎంత మంచిది చూసినా ఆ కిక్ రాదు.

క్రిస్టీ (1890–1976) రాసిన డిటెక్టివ్ నవలలు 66. అందులో 33 మీసాల బెల్జియన్ డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరోవి, 12 పల్లెటూరి ముసలావిడ మిస్ మార్పుల్‌వి. వీటి మీద వచ్చిన సినిమాలు, సిరీస్‌లు అన్నీ ఇక్కడ చెప్పడం కుదిరే పని కాదు. నిజంగా ఎంచుకోవాల్సి వచ్చేవాటినే తీసుకున్నాను. ఏ కథలోనూ ముగింపు బయటపెట్టలేదు కాబట్టి ధైర్యంగా చదవొచ్చు. ఏ ఓటీటీలో ఏది ఉందో రాయలేదు, అది నెల నెలా మారిపోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

హంతకుణ్ణి మార్చారా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పాత్రల పేర్లు, ఊళ్లు, కాలం మార్చినా పెద్ద నష్టం లేదు. కానీ కొన్ని వెర్షన్లలో చంపినవాళ్లనే మార్చేశారు. పుస్తకం చదివినవాళ్లకు అది కొత్త సరదా కావచ్చు. చదవనివాళ్లు మాత్రం క్రిస్టీ అల్లిన చిక్కుముడి బదులు వేరెవరో అల్లింది చూసి, 'ఇంతేనా క్రిస్టీ' అనుకుంటారు.

క్లూలు మన కళ్ల ముందే పెట్టారా? క్రిస్టీ ఆటలో అన్యాయం ఉండదు. అన్నీ మనకు చూపించి, మన చూపును పక్కకు తిప్పుతారు. తెర మీద ఈ ఆటను చెడగొట్టేది చాలాసార్లు నటులే. పేరున్న నటుడు రెండు సీన్ల పాత్రలో కనిపించాడంటే 'వీడేరా' అని ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. తారాగణం ఎంచుకున్న తీరే స్పాయిలర్ అయిపోయే సినిమాలు ఉన్నాయి.

ఎంత టైం పెట్టగలరు? 50 నిమిషాల ఎపిసోడ్ ఉంది, రెండు గంటల పైచిలుకు సినిమా ఉంది, మూడు భాగాల మినీ సిరీస్ ఉంది. నవలలో పది పన్నెండు మంది అనుమానితులుంటారు. రెండు గంటల్లో వాళ్లందరినీ పరిచయం చేసి, ప్రశ్నించి, ముడి విప్పాలంటే ఎక్కడో ఒకచోట కోత తప్పదు.

ఎవరితో కూర్చుని చూస్తారు? క్రిస్టీ అంటే కుటుంబమంతా చూసేదే అనుకుంటారు. ఒకప్పుడు నిజమే. 2015 నుంచి వచ్చిన బీబీసీ సిరీస్‌లలో రక్తం, బూతులు, మత్తుమందులు అన్నీ ఉన్నాయి.

| వెర్షన్ (ముందున్నది ముఖ్య నటుల పేరు) | పుస్తకానికి దగ్గరా? | నిడివి | మూడ్ | ఎవరికి |
|---|---|---|---|---|
| సూషే పొయిరో, తొలి ఏళ్లు (1989 నుంచి) | చాలా దగ్గర | ఎక్కువగా 50 నిమిషాలు | తేలిక, కాస్త హాస్యం | కొత్తవాళ్లు, పిల్లలున్న ఇళ్లు |
| సూషే పొయిరో, చివరి ఏళ్లు (2003–2013) | ఎక్కువగా దగ్గర, కొన్ని బాగా దూరం | గంటన్నర | బరువు | పొయిరోకు అలవాటుపడినవాళ్లు |
| ఫిన్నీ 'ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్' (1974) | చాలా దగ్గర | 2 గంటల పైన | దర్జా | ఆ కథ తెలియనివాళ్లు |
| యూస్టినోవ్ 'నైల్' (1978) | దగ్గర | 2 గంటల 20 నిమిషాలు | విహారయాత్ర | పాత సినిమా అభిమానులు |
| బ్రానా సినిమాలు (2017, 2022, 2023) | కథ అదే, కలిపింది చాలా. మూడోది బాగా దూరం | సుమారు 2 గంటలు | భారీ, వేగం | పెద్ద స్క్రీన్ ఇష్టపడేవాళ్లు |
| హిక్సన్ మిస్ మార్పుల్ (1984–1992) | చాలా దగ్గర | భాగాలుగా | నెమ్మది | ఓపిక ఉన్నవాళ్లు |
| 'అండ్ దెన్ దేర్ వర్ నన్' (2015) | దగ్గర, ముగింపుతో సహా | 3 భాగాలు | భయం | పెద్దవాళ్లకు మాత్రమే |

## డేవిడ్ సూషే: మొదలుపెట్టాల్సింది ఇక్కడే

మీకు ఒక్క సలహా వినే ఓపికే ఉంటే అది ఇదే. బ్రిటన్‌లో ఐటీవీ చానల్ 1989 జనవరి నుంచి 2013 నవంబరు దాకా తీసిన 70 ఎపిసోడ్ల 'పొయిరో' సిరీస్‌తో మొదలుపెట్టండి. ఒకే నటుడు, డేవిడ్ సూషే, దాదాపు పాతికేళ్లు ఒకే పాత్రను మోసి, పొయిరో నవలలన్నిటినీ పూర్తి చేయడం టీవీ చరిత్రలో అరుదు.

ఈ పాత్ర ఒప్పుకున్నాక సూషే పుస్తకాలు ముందేసుకుని పొయిరో అలవాట్లను ఒక్కొక్కటిగా రాసుకున్నాడు. కాఫీలో చక్కెర బిళ్లలు ఎన్ని వేసుకుంటాడన్నది సహా 93 అంశాల జాబితా తేలింది. పొట్టి పొట్టి అడుగుల ఆ నడక కోసం పిరుదుల మధ్య నాణెం బిగించి నడవడం ప్రాక్టీస్ చేశానని తనే చెప్పాడు. వింటే నవ్వొస్తుంది గానీ, ఎపిసోడ్ చూస్తే ఆ నాణెం కింద పడకుండా నడుస్తున్నట్టే ఉంటుంది.

మొట్టమొదటి ఎపిసోడ్ 'ది అడ్వెంచర్ ఆఫ్ ది క్లాఫమ్ కుక్'. ఒక మధ్యతరగతి ఇల్లాలు వచ్చి, తన వంటమనిషి కనిపించకుండా పోయింది, వెతికిపెట్టమంటుంది. రాజులకు, మంత్రులకు పని చేసే నన్ను వంటమనిషిని వెతకమంటావా అని పొయిరోకు చిర్రెత్తుతుంది. మంచి వంటమనిషి పోవడమంటే ఒకావిడకు నగ పోయినంత పని అని ఆవిడ దబాయిస్తుంది. దాంతో దిగొచ్చి కేసు తీసుకుంటాడు. మధ్యలో ఆ ఇంటివాళ్లు ఇక చాలని చెప్పి ఒక గినీ (పాతకాలపు బ్రిటిష్ లెక్కలో పౌండుకు కాస్త పైన) ఫీజు చెక్కుగా పంపిస్తారు. ఆ చెక్కునే పొయిరో చివరికి ఫ్రేము కట్టించుకుంటాడు, చిన్న విషయాన్ని చులకన చేయకూడదని గుర్తుండటానికి. పొయిరో గర్వం, ఆ గర్వం మీద తనే వేసుకునే చురక, ఇంగ్లీషు ఇళ్ల ఆరాలు, అన్నీ 50 నిమిషాల్లో తెలిసిపోతాయి. పైగా ఇది అంత పేరున్న కథ కాదు. ఒకవేళ మీకు ఈ సిరీస్ పడకపోయినా పెద్ద రహస్యమేదీ కోల్పోయినట్టు కాదు. అసలు లాభం అక్కడుంది.

ఈ సిరీస్‌ను రెండు ముక్కలుగా చూడాలి. తొలి ఏళ్లలో కెప్టెన్ హేస్టింగ్స్ (హ్యూ ఫ్రేజర్), ఇన్‌స్పెక్టర్ జాప్ (ఫిలిప్ జాక్సన్), సెక్రటరీ మిస్ లెమన్ (పాలీన్ మోరన్) ఉంటారు. నలుగురి మధ్యా చిన్న చిన్న కీచులాటలు నడుస్తుంటాయి, లండన్‌లో 1930ల నాటి భవనాలు మెరుస్తుంటాయి. పొయిరో ఉండే 'వైట్‌హేవెన్ మాన్షన్స్' నిజానికి చార్టర్‌హౌస్ స్క్వేర్‌లోని ఫ్లోరిన్ కోర్ట్. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, రాజు జంటను చదివి పెరిగినవాళ్లకు పొయిరో, హేస్టింగ్స్ జంట పరాయిగా అనిపించదు.

2003 నుంచి సంగతి మారింది. ఎపిసోడ్లన్నీ గంటన్నరవి, రంగులు ముదిరాయి, స్నేహితుల బృందం దాదాపు మాయమైంది. పొయిరో ఒంటరివాడవుతాడు. ఈ భాగంలో మెరిసేవి గొప్పగా మెరుస్తాయి. 'ఫైవ్ లిటిల్ పిగ్స్' (2003) నా దృష్టిలో సిరీస్ మొత్తానికీ పతాక. ఎప్పుడో ఏళ్ల కిందట ఒక చిత్రకారుడి హత్య జరిగింది, భార్యకు శిక్ష కూడా పడిపోయింది, ఇప్పుడు కూతురు వచ్చి నిజం తేల్చమంటుంది. చూడటానికి కొత్త క్లూ ఏదీ లేదు, ఐదుగురి జ్ఞాపకాలే ఉన్నాయి. ఒకే మధ్యాహ్నాన్ని ఐదుగురు ఐదు రకాలుగా చెప్పడం పుస్తకంలో కంటే తెర మీదే బాగా పండింది.

అలాగని అన్నీ ఈ స్థాయిలో లేవు. 'అపాయింట్‌మెంట్ విత్ డెత్' (2009) పుస్తకాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చింది. 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' (2000) విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను, ముందు 1926 నాటి ఆ నవల చదవండి. ఎందుకో చెప్పానంటే స్పాయిలర్ అవుతుంది. ఆ నవలకు తెర సరిపోదు, ఎవరు తీసినా సరిపోదు.

సూషే సిరీస్‌కు ఇంకో ఇబ్బంది, ఇంగ్లీషు. పొయిరో బెల్జియన్ యాసలో, మిగతావాళ్లు పాతకాలపు బ్రిటిష్ యాసలో మాట్లాడతారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఒక్క మాట జారిపోతే క్లూ జారిపోయే కథలివి.

## ఒకే రైలు, మూడు ప్రయాణాలు

'మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్' నవల 1934 నాటిది. మంచులో ఆగిపోయిన రైలు, తాళం వేసిన కూపేలో కత్తిపోట్లతో ఒక శవం, దిగి పారిపోవడానికి దారి లేని ప్రయాణికులు. ముగింపు ప్రపంచమంతా తెలిసిపోయినంత పేరున్నది. మీకు ఇప్పటిదాకా తెలియలేదంటే అదృష్టవంతులు, ఆ అదృష్టాన్ని జాగ్రత్తగా ఖర్చు పెట్టుకోండి.

కథ తెలియనివాళ్లకు నా ఓటు 1974 సినిమాకే. దర్శకుడు సిడ్నీ ల్యూమెట్, పొయిరోగా ఆల్బర్ట్ ఫిన్నీ. పైన చెప్పిన తారల సమస్యకు ల్యూమెట్ తెలివైన విరుగుడు కనిపెట్టాడు. ప్రయాణికులందరినీ తారలతోనే నింపేశాడు. షాన్ కానరీ, లారెన్ బకాల్, వనెస్సా రెడ్‌గ్రేవ్, ఆంథొనీ పెర్కిన్స్, జాన్ గీల్‌గుడ్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. అందరూ పెద్దవాళ్లే అయినప్పుడు ఎవర్ని చూసి 'వీడేరా' అంటారు? బెర్గ్‌మన్‌ది బెదురుచూపుల మిషనరీ పాత్ర. పొయిరో ఆమెను ప్రశ్నించే సీన్‌ను ల్యూమెట్ కట్ చేయకుండా ఐదు నిమిషాల దాకా ఆమె మొహం మీదే నడిపాడు. ఆ పాత్రకే ఆమెకు ఉత్తమ సహాయనటి ఆస్కార్ వచ్చింది. ఇస్తాంబుల్ స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు రిచర్డ్ రాడ్నీ బెన్నెట్ వాల్ట్జ్ సంగీతం అందుకుంటుంది. ఏడుపుగొట్టు కథలోకి వెళుతున్నామో పెళ్లికి వెళుతున్నామో తెలియనంత హుషారుగా ఉంటుంది. ప్రీమియర్‌కు వచ్చిన క్రిస్టీ సినిమాను మెచ్చుకుని, మీసం దగ్గర మాత్రం పెదవి విరిచారని చెబుతారు. పుస్తకంలో అది ఇంగ్లండ్‌లోకెల్లా ఘనమైన మీసం మరి.

లోపం లేదని కాదు. ఫిన్నీ పొయిరో అరుస్తాడు, విసిగిస్తాడు, నాటకంలా ఉంటాడు. మధ్యలో ఒక్కొక్కర్నీ వరసగా పిలిచి ప్రశ్నించే భాగం ఇప్పటి ప్రేక్షకుడికి సాగదీతగా అనిపిస్తుంది. కానీ ఆ వరస వల్లనే క్లూలన్నీ మన చేతికొస్తాయి.

సూషే చేసిన 2010 ఎపిసోడ్‌ను కథ తెలిసినవాళ్లు చూడాలి. ఎవరు చేశారన్నది దీనికి రెండో విషయం. తెలుసుకున్నాక పొయిరో ఏం చేయాలన్నదే దీని బాధంతా. ఇక్కడ పొయిరో నిష్ఠ గల కాథలిక్కు, చేతిలో జపమాల పట్టుకుని తనలో తను నలిగిపోతాడు. పుస్తకంలో తేలిగ్గా దాటిపోయిన చివరి నిర్ణయం ఇక్కడ ఇరవై నిమిషాలు గొంతు పట్టుకుంటుంది. మొదటిసారి చూసేవాళ్లకు ఈ బరువు ముందే కథ దారిని కాస్త పట్టించేస్తుంది, అందుకే రెండోసారికి ఉంచుకోమంటున్నాను.

2017లో కెన్నెత్ బ్రానా తనే దర్శకుడై, తనే పొయిరో అయ్యాడు. 65 ఎంఎం ఫిల్మ్ మీద తీశాడు, కొండల మధ్య రైలు చూడటానికి కన్నుల పండగే. ఆరంభంలో రెండు గుడ్లు ఒకే సైజులో లేవని బ్రేక్‌ఫాస్ట్ వెనక్కి పంపే సీన్ పొయిరో స్వభావానికి అచ్చంగా సరిపోయింది. ఆ తర్వాత ఛేజింగ్ వస్తుంది, తుపాకీ పేలుతుంది. పొయిరో పరిగెడతాడు! ప్రయాణికుల్లో సగం మందికి రెండేసి నిమిషాలు కూడా దక్కవు. అన్ని పాత్రలకూ సమాన బరువుంటే తప్ప నిలబడని కథ ఇది. అందమైన రైలు ఎక్కి కిటికీలోంచి బయటికి చూస్తూ గడిపేసినట్టు ఉంటుంది.

కాబట్టి వరస ఇది: తెలియనివాళ్లు 1974, తెలిసినవాళ్లు 2010, ఇంట్లో టీనేజర్ 'పాత సినిమా నేను చూడను' అని మొండికేస్తే 2017.

## నైలు నది మీద

'డెత్ ఆన్ ది నైల్' (1937 నవల) విషయంలో ఇంత గట్టి తీర్పు నా దగ్గర లేదు, మూడిట్లోనూ ఏదో ఒకటి తక్కువ.

1978 సినిమాలో పీటర్ యూస్టినోవ్ భారీ మనిషి, పొయిరో పోలికే కాదు. అయినా నిజమైన ఈజిప్టు ఎండ, కర్ణాక్ గుడి స్తంభాలు, బెట్టీ డేవిస్, మ్యాగీ స్మిత్ ఒకరినొకరు పొడుచుకునే మాటలు దొరుకుతాయి. దుస్తులకు ఆస్కార్ వచ్చింది. మన హిందీ నటుడు ఐ.ఎస్. జోహర్ కూడా స్టీమర్ మేనేజరుగా ఉన్నాడు. ఆ పాత్రను నవ్వులాటకు వాడుకున్న తీరు మాత్రం ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. సూషే 2004 ఎపిసోడ్‌లో కథలోని సంపన్నురాలు లినెట్‌గా అప్పటికి అంత పేరు లేని ఎమిలీ బ్లంట్ నటించింది. కథకు మూలమైన ప్రేమ త్రికోణాన్ని సూటిగా, వేగంగా చెబుతుంది. బ్రానా 2022 సినిమాలో అలీ ఫజల్ ఉన్నాడు, మీసానికి మొదటి ప్రపంచ యుద్ధంతో ముడిపెట్టిన ఫ్లాష్‌బ్యాక్ ఉంది, నీళ్లు మాత్రం కంప్యూటర్లోంచి వచ్చినట్టు కనిపిస్తాయి. సెలవు రోజు తీరిగ్గా చూడాలంటే 1978, పని రోజు రాత్రి అయితే 2004.

బ్రానా మూడో సినిమా 'ఎ హాంటింగ్ ఇన్ వెనిస్' (2023) వేరే లెక్క. 1969 నాటి 'హాలోవీన్ పార్టీ' నవల నుంచి నాలుగు పేర్లు, ఒక పార్టీ తీసుకుని, ఇంగ్లండ్ పల్లెను వదిలేసి, కథను 1947 నాటి వెనిస్‌కు మార్చేశారు. పుస్తకాన్ని పక్కనపెట్టాకే బ్రానాకు ఊపిరాడినట్టుంది, మూడిట్లో ఇదే నాకు నచ్చింది. పైగా ఇది చూసినా నవల చెడిపోదు. దయ్యాల సినిమాలకు జడిసేవాళ్లు రాత్రిపూట వద్దు.

జాన్ మాల్కోవిచ్ చేసిన 'ది ఏబీసీ మర్డర్స్' (బీబీసీ, 2018, మూడు భాగాలు) గురించి కూడా అడుగుతుంటారు. ముసలితనం, అవమానం, పరదేశీయుల మీద ద్వేషం దానికి ముఖ్యం. పొయిరో గతాన్నే తిరగరాశారు. సీరియస్ డ్రామాగా బాగుంది. పొయిరో కోసం వచ్చినవాళ్లు మాత్రం అదే కథకు 1992 నాటి సూషే ఎపిసోడ్ చూసుకోవాలి. అక్షరమాల వరసలో ఊరూ పేరూ కలిసేలా జరిగే హత్యలు, ప్రతి శవం దగ్గరా ఒక రైల్వే గైడు, అంటే రైళ్ల వేళల పుస్తకం. క్రిస్టీ పన్నాగాల్లో ఇంత శుభ్రంగా తెర మీదికొచ్చినవి తక్కువ.

## మిస్ మార్పుల్: నలుగురు బామ్మలు

పల్లెటూళ్లో స్వెటర్ అల్లుకుంటూ, పక్కింటి గొడవల్లోంచి హంతకుల బుద్ధిని పసిగట్టే ముసలావిడ మిస్ మార్పుల్. ఇలాంటి బామ్మ మన ప్రతి వీధిలోనూ ఉంటుంది, ఆవిడకు శవం దొరకలేదంతే.

జోన్ హిక్సన్ 1984 నుంచి 1992 దాకా బీబీసీ కోసం 12 నవలలూ చేసింది. మొదలుపెట్టేనాటికి ఆమెకు 78 ఏళ్లు. అంతకు దాదాపు నలభై ఏళ్ల ముందు ఆమెను ఒక నాటకంలో చూసి, ఎప్పటికైనా నా మిస్ మార్పుల్‌గా మీరు నటించాలని క్రిస్టీ ఉత్తరం రాశారు. చూశాక ఆ మాట ఎందుకన్నారో తెలుస్తుంది. గొంతు పెంచదు, కళ్లతోనే పని కానిస్తుంది. 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' (1985)తో మొదలుపెట్టండి. ఊళ్లో అందరూ ఉదయం పేపరు తెరిస్తే 'అక్టోబరు 29 శుక్రవారం సాయంత్రం 6.30కి ఫలానా ఇంట్లో హత్య జరుగును' అని ప్రకటన. ఏదో ఆట కాబోలనుకుని ఇరుగుపొరుగంతా ఏదో వంక పెట్టుకుని ఆ ఇంటికి బయల్దేరతారు. సిరీస్ చాలా నెమ్మది. ఫోను చూస్తూ చూసే రకం కాదు.

2004 నుంచి 2013 దాకా ఐటీవీ తీసిన 'మార్పుల్'లో ముందు జెరాల్డిన్ మెక్‌యూవన్, తర్వాత జూలియా మెకెంజీ. రంగులు, వేగం, తెలిసిన మొహాలు ఉన్నాయి. కానీ మార్పుల్ లేని నవలల్లోకి కూడా ఆమెను తెచ్చి పెట్టారు, 'ది బాడీ ఇన్ ది లైబ్రరీ' (2004)లో ముగింపునే మార్చారు. పుస్తకాలన్నీ చదివేసి, కొత్తగా ఊహించుకోవాలనుకునేవాళ్లకు సరదా. మొదటిసారివాళ్లకు వద్దు.

1961 నుంచి 1964 వరకు వచ్చిన మార్గరెట్ రూథర్‌ఫర్డ్ సినిమాలు నాలుగు. ఇవి మార్పుల్ పేరుతో నడిచే కామెడీలు. రెండింటి కథలు అసలు పొయిరో నవలలవి. అయినా పదేళ్ల పిల్లలతో కలిసి చూడటానికి క్రిస్టీలో ఇంతకంటే మంచివి దొరకవు. మొదటిదైన 'మర్డర్ షీ సెడ్'లో వంటావిడ వేషంలో ఉన్నది ఎవరనుకున్నారు, జోన్ హిక్సనే.

## డిటెక్టివ్ లేని కథలు

పొయిరో గొప్పలు, మీసాలు మీకు విసుగైతే ఇటు రండి.

'అండ్ దెన్ దేర్ వర్ నన్' (1939 నవల) దీవి మీద చిక్కుకున్న పదిమంది కథ. రంగస్థలం కోసం క్రిస్టీయే తర్వాత ముగింపును మెత్తబరిచారు. 1945లో రెనె క్లేర్ తీసిన సినిమా ఆ మెత్తటి ముగింపునే తీసుకుంది. నవలలోని చేదు ముగింపు కావాలంటే 2015 బీబీసీ సిరీస్ చూడాలి, మూడు భాగాలు. చార్లెస్ డాన్స్, ఏడన్ టర్నర్ ఉన్నారు. ఆ ఇంట్లో గాలి ఆడదు. మూడింటినీ ఒకే రాత్రి చూసేయాలనిపిస్తుంది, శనివారం పెట్టుకోండి. హింస, బూతులు ఉన్నాయి కాబట్టి పిల్లల్ని పడుకోబెట్టాకే.

బిల్లీ వైల్డర్ 'విట్నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్' (1957) కోర్టు డ్రామా. క్రిస్టీ పుస్తకాల మీద వచ్చిన సినిమాల్లో, సినిమాగా నిలబడేది ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. గుండె జబ్బు లాయరుగా చార్లెస్ లాటన్, అతన్ని సిగార్ ముట్టనివ్వని నర్సు, సాక్షిగా మార్లీన్ డీట్రిచ్. నలుపు తెలుపు సినిమా అని పక్కన పెట్టేవాళ్లు పెద్ద పొరపాటు చేస్తున్నట్టే. చివర్లో ఒక గొంతు, ముగింపు ఎవరికీ చెప్పకండని ప్రేక్షకుల్ని కోరుతుంది. ట్విస్టుల మీద ట్విస్టులతో నడిచే కోర్టు సినిమాలు అలవాటైన మన ప్రేక్షకుడు కూడా చివరి పది నిమిషాల్లో తలకిందులవుతాడు.

మన దేశానికొస్తే, దీవి కథను పేరు చెప్పకుండా వాడుకున్న హిందీ 'గుమ్‌నామ్' (1965)ను పాటల కోసం, మెహమూద్ కోసం చూడొచ్చు, సస్పెన్స్ కోసం కాదు. బి.ఆర్. చోప్రా 'ధుంద్' (1973) క్రిస్టీ నాటకం 'ది అనెక్స్‌పెక్టెడ్ గెస్ట్' ఆధారంగా తీసింది, పాటలు ఉన్నా బిగువు తగ్గలేదు. విశాల్ భరద్వాజ్ 'చార్లీ చోప్రా' (2023) 'ది సిటాఫర్డ్ మిస్టరీ'ని హిమాలయాల మంచులోకి తెచ్చింది. వామికా గబ్బి చలాకీతనం బాగుంది, కథ మధ్యలో కాస్త జారింది. వీటన్నిటికంటే పైమెట్టు మీద ఉండేది రితుపర్ణో ఘోష్ బెంగాలీ సినిమా 'శుభో మహరత్' (2003). ఇందులో మార్పుల్ బదులు రాఖీ వేసిన రంగా పిషీ (పిషీ అంటే మేనత్త) ఉంటుంది. వంటింట్లోంచి, పిల్లుల మధ్య నుంచి కేసు తేలుస్తుంది. పరాయి కథను మన ఇంట్లోకి తేవడమెలాగో తెలుగు దర్శకులెవరైనా నేర్చుకోవాలంటే దీన్ని చూడాలి.

## ఇక మీ సంగతి

క్రిస్టీని ఒక్క పేజీ కూడా చదవలేదు, చదివే ఉద్దేశమూ లేదంటారా? 'క్లాఫమ్ కుక్', 1992 'ఏబీసీ మర్డర్స్', 1974 రైలు, 1957 కోర్టు. ఈ నాలుగు చాలు, ఇంకా ఆకలుంటే మిగతా సూషే ఎలాగూ ఉంది.

చదవాలని ఉంది గానీ టైం లేదనేవాళ్లు రెండు నవలలు మాత్రం తెర మీద ముట్టుకోకుండా పక్కన పెట్టుకోండి: 'రోజర్ అక్రాయిడ్', 'అండ్ దెన్ దేర్ వర్ నన్'. రెండూ పెద్ద పుస్తకాలు కావు, ఒక్కోటి రెండు మూడు రైలు ప్రయాణాల్లో అయిపోతుంది. రెండోదానికి సిరీస్ ఎంత బాగున్నా పుస్తకం ఇచ్చే దెబ్బ వేరు.

అన్నీ చదివేసినవాళ్లకు పుస్తకాన్ని మార్చిన వెర్షన్లే ఎక్కువ సరదానిస్తాయి. 2010 ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్, మాల్కోవిచ్, వెనిస్, మెక్‌యూవన్, వీటిని ధైర్యంగా చూడండి.

వరస ఎలా ఉన్నా ఒక్కటి మాత్రం తప్పొద్దు. 'కర్టెన్'ను ఆఖరికి ఉంచుకోండి. క్రిస్టీ దాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే రాసి దాచి, 1975లో అచ్చు వేయించారు. పొయిరో చివరి కేసు అదే. అప్పుడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో పొయిరోకు, అంటే ఒక కల్పిత పాత్రకు, సంతాప వార్త వేసింది. సూషే సిరీస్ కూడా 2013లో దాంతోనే ముగిసింది, హేస్టింగ్స్ కూడా తిరిగొస్తాడు. పొయిరోతో మీకు కనీసం ఇరవై ఎపిసోడ్ల పరిచయమైనా లేకుండా అది చూస్తే, చక్రాల కుర్చీలో ఎవరో ముసలాయన కథలా ఉంటుంది తప్ప ఏమీ తగలదు.